ర్యాలి గుడిలో మావయ్యగారి గొంతు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నేను మొదట అడిగేది ఆ ఇంట్లో వైరింగు ఎప్పుడు చేయించారని. నాది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జూనియర్ ఇంజనీరు ఉద్యోగం. మనిషి గొంతు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవాలంటే మధ్యలో ఒక తీగ ఉండాలి. తీగ తెగితే గొంతు ఆగిపోతుంది. వానాకాలంలో తణుకు చుట్టుపక్కల ఊళ్లలో తెగిన తీగలు వెతుక్కుంటూ తిరిగినవాడిని కాబట్టి ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. కానీ తొంభైల చివర్లో ఒక రోజు, అదీ పట్టపగలు, జరిగిన ఒక విషయాన్ని మాత్రం ఏ ఖాతాలో వేసుకోవాలో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

అది మా మావయ్యగారి గురించి. అంటే మా ఆవిడ పద్మ వాళ్ల నాన్నగారు. పేరు విశ్వనాథం. రామచంద్రపురంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కంచు. ఆయన ఎనిమిదో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే పదో తరగతిలో పాఠం ఆగిపోయేదని ఆయన స్నేహితులు చెప్పుకుని నవ్వేవారు.

ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి తణుకులో మా ఇంటికి ఆయన ఫోను వచ్చేది. పద్మ రిసీవరు ఎత్తగానే మొదటిమాట, "ఏమ్మా, తిన్నావా?" అని. అది నాకు వసారాలోకి వినపడేది. "మావయ్యగారూ, మీకు ఫోనెందుకండి దండగ, డాబా ఎక్కి ఓ కేక వేస్తే గోదావరి దాటి వచ్చేస్తుంది కదా" అని అక్కణ్నించే అరిచి ఏడిపించేవాడిని. ఆయన పకపకా నవ్వేవారు. అదీ వసారాలోకి వినపడేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ ఆరు నెలల్లో చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి. మాట మాత్రం రాలేదు. అన్నీ తెలుస్తాయి, అందర్నీ గుర్తుపడతారు, పేపరు చదువుతారు. నోరు తెరిస్తే "ఆ... ఆ..." తప్ప ఇంకేమీ రాదు. కాకినాడ డాక్టరుగారు, ఇన్నాళ్లయ్యాక ఇక వస్తుందని ఆశపెట్టుకోవద్దన్నారు.

ఆదివారం ఫోను మాత్రం ఆగలేదు. అత్తయ్యగారు రింగు చేసి, రెండు మాటలు మాట్లాడి, రిసీవరు ఆయన చెవి దగ్గర పెట్టేవారు. అవతల నిశ్శబ్దం. పద్మ, ఎవరూ అడగకపోయినా, "తిన్నాను నాన్నా" అనేది. తర్వాత ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలన్నదే పద్మ కోరిక. ఇంట్లో ఒక్క క్యాసెట్టులో కూడా ఆయన మాట లేదు. పోన్లే అనుకోవడానికి నాకే మనసొప్పేది కాదు, ఇక కూతురికి ఎలా ఒప్పుతుంది?

మావయ్యగారికి ఒక సరదా ఉండేది. ఏటా కార్తీకమాసం జనం సద్దుమణిగాక, మార్గశిరంలో ఒక టాక్సీ మాట్లాడి ఇంటిల్లిపాదినీ ఒక రోజంతా గుళ్లు తిప్పేవారు. గుడికి వెళితే అర్చనకి గోత్రనామాలు చెప్పేది ఆయనే. పూజారిగారు ఇలా చూడగానే అలా అందుకుని, గర్భగుడి గోడలు మారుమోగేలా అందరి పేర్లూ వరసగా చెప్పేవారు.

మా పెళ్లయిన కొత్తలో అంతర్వేదిలో ఆ చెప్పడంలో ఒకసారి పొరపాటు చేశారు. వాళ్లది కౌండిన్యస గోత్రం, మాది భారద్వాజస. పెళ్లయిన ఆడపిల్లకి భర్త గోత్రమే కదా. ఆయన మాత్రం అలవాటు కొద్దీ "కౌండిన్యస గోత్రం, వెంకట రత్న పద్మావతి" అని చెప్పేశారు. అది పద్మ బారసాలనాటి పేరు. బళ్లో, ఆఫీసులో, మా ఇంట్లో అందరికీ అది ఉత్త పద్మే. అత్తయ్యగారు అక్కడే, "పిల్లని ధారపోసి మూడు నెలలు కాలేదు, ఇంకా మీ గోత్రమేంటండీ?" అని కోప్పడ్డారు. ఆయన నాలిక కరుచుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ పొరపాటు చెయ్యలేదు. మా నలుగురికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఈ వివరం కాస్త గుర్తుపెట్టుకోండి.

జబ్బు చేసిన ఏడాది టాక్సీ ఊసు ఎవరూ ఎత్తలేదు. మరుసటేడు పద్మ పట్టుబట్టింది. ద్రాక్షారామం, కోటిపల్లి, అక్కడ గోదావరి దాటి అయినవిల్లి, తిరిగొచ్చేటప్పుడు ర్యాలి. నేను టాక్సీ మాట్లాడాను. తెల్ల అంబాసిడర్, డ్రైవరు సత్తిబాబు. ప్రతి మాటకీ ముందు "ఆయ్" అనే మంచి మనిషి.

తెల్లవారుజామున రామచంద్రపురం నుంచి బయల్దేరాం. చేలు కోసేశారు. ఎక్కడ చూసినా కుప్పలు, వాటిమీద మంచు. కొబ్బరిచెట్ల తలలు మంచులోంచి పైకి కనపడుతున్నాయి, మొదళ్లు కనపడటం లేదు. మావయ్యగారు ముందు సీట్లో కూర్చుని అద్దం దించమని చేత్తో చూపించారు. చలిగాలి కొడుతున్నా ఎత్తనివ్వలేదు. ఆ మొహంలో ఏడాదిగా లేని వెలుగు కనపడింది నాకు.

ద్రాక్షారామం నేను ఎన్నిసార్లు చూసినా మొదటిసారి చూసినట్టే ఉంటుంది. దేవుడి సంగతి నాకు అంతగా పట్టదు గానీ, కట్టినవాడి సంగతి పడుతుంది. రెండంతస్తుల గర్భగుడి, పైదాకా పెరిగిన శివలింగం, దాని చుట్టూ కింద చీకటి దారి. ఎన్ని ఎండాకాలాలు వచ్చి పోయినా ఆ రాళ్లు చల్లగానే ఉంటాయి. స్తంభాల నిండా శాసనాలు. మావయ్యగారు వాటి దగ్గర ఆగి, బాగున్న చేత్తో అక్షరాలు తడుముతూ నిలబడ్డారు. వెయ్యేళ్లకిందటి మనిషి తన గొడ్లూ భూములూ ఎవరికిచ్చాడో చెప్పిన మాట ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. పక్కన నిలబడ్డ మనిషికి మాట లేదు.

మెల్లగా మెట్లెక్కించి పైకి తీసుకెళ్లాం. పూజారిగారు పళ్లెం పట్టుకుని "గోత్రం చెప్పండి" అన్నారు. నేను చెప్పాలి. కానీ ఆయన అలవాటుగా ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచారు. "ఆ... ఆ..." అంతే. గుడి కదా, అది కూడా మారుమోగింది. వరసలో జనం తిరిగి చూశారు. ఎవరో చిన్నపిల్ల నవ్వింది. ఆయన తల దించుకున్నారు. నేను గబగబా పేర్లన్నీ చెప్పేశాను, పద్మని మా గోత్రంలోనే. బయటికొచ్చాక ఆయన మా మొహాలు చూడలేదు.

కోటిపల్లిలో ఆయన కారు దిగలేదు. బతిమాలాం. తల అడ్డంగా ఊపి కళ్లు మూసుకున్నారు. సత్తిబాబుని ఆయన దగ్గర ఉండమని చెప్పి మేం ముగ్గురం లోపలికి వెళ్లాం. కారు గుడికి కాస్త దూరంగా, రేవుకి వెళ్లే దారిలో ఉంది.

జనం లేరు. పూజారిగారు నడివయసు మనిషి. మమ్మల్ని చూసి నవ్వి, పళ్లెంలో పూలు సర్దుకుని, గోత్రం అడక్కుండానే మొదలుపెట్టారు. "కౌండిన్యస గోత్రోద్భవస్య..." అంటూ విశ్వనాథం అన్నారు, కామేశ్వరి అన్నారు. అది మా అత్తయ్యగారి పేరు. ఆ వెంటనే అదే గోత్రంలో వెంకట రత్న పద్మావతి అన్నారు. ఆ తర్వాత నా గోత్రం, నా పేరు.

అత్తయ్యగారు నా వైపు చూశారు, నేను పద్మ వైపు చూశాను. హారతి అయ్యేదాకా ఆగలేక, "మా పేర్లు మీకెలా తెలుసండీ?" అని అడిగాను.

"మీ పెద్దాయన చెప్పారు కదండీ. ఇందాక గుమ్మం దగ్గర నిలబడి గడగడా చెప్పేసి వెళ్లారు. సన్నగా, పంచె కట్టుకుని, కుడిచెయ్యి ఇలా పొట్టకి ఆన్చుకుని... ఆయన మీ తాలూకు మనిషి కాదా?" అన్నారు. అని, మెచ్చుకోలుగా, "ఏం గొంతండీ బాబూ! గంట కొట్టక్కర్లేదు" అన్నారు.

పద్మ ప్రసాదం కూడా తీసుకోకుండా బయటికి పరిగెత్తింది. వెనకాలే నేను. మావయ్యగారు ముందు సీట్లో తల వాల్చి నిద్రపోతున్నారు. సత్తిబాబు బానెట్టుకి ఆనుకుని పల్లీలు తింటున్నాడు.

"పెద్దాయన దిగారా?" అని అడిగాను.

"ఆయ్, లేదండి. మీరెళ్లగానే కునుకు పట్టేసిందండి. నేను ఇక్కణ్నించి కదల్లేదండి" అన్నాడు.

నా బుర్ర వెంటనే తీగ కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎవరో మా ఊరివాళ్లు ముందు వచ్చి మా గురించి చెప్పి ఉండాలి. లేదా ఈ పూజారిగారు మావయ్యగారిని పాతరోజుల్లో ఎప్పుడో చూసి ఉండాలి. కానీ పాతరోజుల్లో ఆయన కుడిచెయ్యి పొట్టకి ఆన్చుకునేవారు కాదు. అది జబ్బు చేశాక వచ్చింది. పోనీ, ఆ గోత్రం? ఆ పొరపాటు అంతర్వేదిలో జరిగింది. అక్కడి పూజారిగారికి కూడా గుర్తుండదు. సరే, యాదృచ్ఛికం అనుకున్నాను. మనకు తెలియనిదాన్నంతా కుక్కడానికి ఉన్న గోనెసంచి ఆ మాట.

కారుని పంటు ఎక్కించాం. పంటు అంటే పెద్ద పడవల మీద బల్లలు పరిచి కట్టిన తెప్ప. దానిమీద కార్లూ, గడ్డిబళ్లూ, మనుషులూ అన్నీ గోదావరి దాటుతాయి. గోదావరి గౌతమీ పాయ అక్కడ అవతలి ఒడ్డు గీతలా కనపడేంత వెడల్పు. ఎండ పడి నీళ్లు తళతళలాడుతున్నాయి. ఇసుకతిన్నె మీద తెల్ల కొంగలు బారులు తీరి ఉన్నాయి. ఈ నేల మీదే పుట్టి పెరిగినా, ఈ నది దాటేటప్పుడల్లా అలా చూస్తూ ఉండిపోవడం నాకు మామూలే. అత్తయ్యగారు పసుపూ కుంకుమా నీళ్లలో వదిలి దణ్ణం పెట్టుకున్నారు.

మావయ్యగారు కారు దిగి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. పద్మ వెళ్లి పక్కన నిలబడింది. "నాన్నా, కోటిపల్లి గుళ్లో పేర్లు నువ్వే చెప్పావా?" అని అడిగింది. ఆయన దాని మొహంలోకి చూసి, సగం పెదవితో నవ్వి, తల మీద చెయ్యి వేశారు. అది అవునో కాదో నాకు అర్థం కాలేదు.

అయినవిల్లిలో నా ఇంజనీరు బుద్ధి ఊరుకోలేదు. పరీక్ష పెట్టాలనుకున్నాను. అత్తయ్యగారినీ పద్మనీ లోపలికి పంపి, ఎవరికీ ఏమీ చెప్పకండి అని హెచ్చరించి, మావయ్యగారి పక్కన కార్లో కూర్చున్నాను. రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన నన్ను చూసి, వీడికేమైంది అన్నట్టు మొహం పెట్టారు. వాళ్లిద్దరూ తిరిగొచ్చారు. లోపల పూజారిగారు మామూలుగానే గోత్రం అడిగారట, అత్తయ్యగారు మామూలుగానే చెప్పారట. వింతేమీ లేదు.

"చూశారా!" అన్నాను, ఏదో గెలిచినట్టు. పద్మ కళ్లలో నీళ్లు చూశాక నా గెలుపు నాకే రోత అనిపించింది.

కొత్తపేట దాటాక కాలవగట్టు మీద కొబ్బరితోట నీడలో భోజనాలకి ఆగాం. అత్తయ్యగారు క్యారియర్లో పులిహోర, దద్దోజనం, ఆవకాయ తెచ్చారు. కాలవ నిండుగా పారుతోంది. అవతలి గట్టున నూర్పిడి జరుగుతోంది, ఆ కొత్త ధాన్యం వాసనకి ఆకలి రెట్టింపయింది. నేను ఎంత తిన్నానో చెప్పడం మర్యాద కాదు. పద్మ రెండు ఆకుల్లో పెట్టుకుని, "నాన్నకి తినిపిస్తూ నేనూ తింటాను" అని కారు దగ్గరికి వెళ్లింది. కాసేపటికి నేను చెయ్యి కడుక్కోవడానికి అటు వెళితే, మావయ్యగారు దాని మొహంలోకి అదేపనిగా చూస్తున్నారు. ఆ చూపులో ప్రశ్న ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు. "తిన్నాను నాన్నా" అంది పద్మ. నా చెవులతో విన్నాను.

ర్యాలి చేరేసరికి సాయంత్రం గుడి అప్పుడే తెరిచారు. ఎండ ఇంకా బాగా ఉంది. చిన్న గుడి. బయటనుంచి చూస్తే లోపల ఏముందో ఎవరూ ఊహించలేరు. ఒకే నల్లరాయి, ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని. ఒక మనిషి ఎత్తుకి కాస్త తక్కువ. చుట్టూ తిరిగి చూడనిస్తారు. చెక్కినవాడు వేళ్ల గోళ్లు కూడా వదల్లేదు. దేవుణ్ని నమ్మనివాడైనా ఆ శిల్పి చేతికి దణ్ణం పెట్టి తీరాలి.

ఇక్కడ మావయ్యగారు కారు దిగి గుమ్మం దాకా వచ్చారు, లోపలికి మాత్రం రానన్నారు. అరుగు మీద కూర్చున్నారు. పద్మ ఆయన పక్కన కూర్చుని రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరు వెళ్లిరండి. నాన్న మాట్లాడితే ఈసారి నాకు వినపడాలి" అంది.

నేనూ అత్తయ్యగారూ లోపలికి వెళ్లాం. పూజారిగారు దీపం పట్టుకుని స్వామి పాదాల దగ్గర ఊరే నీరు చూపించారు. తర్వాత వెనక్కి తీసుకెళ్లి మోహిని జుట్టుముడి, నగలు, పిక్క మీద పుట్టుమచ్చ చూపించి, అత్తయ్యగారితో ముందుకి వెళ్లారు. నేను ఆ శిల్పం చూస్తూ వెనకే ఒక్క నిమిషం ఉండిపోయాను.

అప్పుడు వినపడింది.

"కౌండిన్యస గోత్రం. విశ్వనాథం. కామేశ్వరి. వెంకట రత్న పద్మావతి." అదే కంచు, అదే వరస. తర్వాత నా పేరు. నా ఒళ్లు గగుర్పొడిచింది, కానీ నిజం చెప్పాలంటే భయం వెయ్యలేదు. ఆ గొంతు వినపడితే భయపడే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అంతలో అదే గొంతు, తగ్గి, పక్కన నిలబడి నాకొక్కడికే చెబుతున్నట్టు అంది: "అల్లుడుగారూ, అమ్మాయి పొద్దుట్నించీ ఏం తినలేదండి. కాస్త చూడండి."

చుట్టూ తిరిగి ముందుకి వచ్చాను. పూజారిగారు పళ్లెం పట్టుకుని అత్తయ్యగారిని అప్పుడే అడుగుతున్నారు, "గోత్రం చెప్పండమ్మా" అని. ఇద్దరి మొహాలూ మామూలుగా ఉన్నాయి. వాళ్లకేమీ వినపడలేదు.

బయటికొచ్చాను. పద్మ ఇంకా ఆ చెయ్యి పట్టుకునే ఉంది. మావయ్యగారు కళ్లు మూసుకుని ఉన్నారు. "ఏవండీ, నాన్న పెదవి కూడా కదపలేదు" అంది, ఓడిపోయినట్టు.

నేను అడిగింది ఒక్కటే. "పొద్దుట్నించీ ఏమైనా తిన్నావా?"

పద్మ తెల్లబోయింది. "మీకెవరు చెప్పారు?" అంది. తర్వాత ఒక్కసారిగా ఏడ్చేసింది. నాన్నకి మాట రావాలని ఆ రోజంతా కటిక ఉపవాసం ఉంటానని మొక్కుకుందట. మొక్కు పైకి చెబితే ఫలించదని ఎవరికీ చెప్పలేదు. కాలవగట్టు మీద తన ఆకులోది కూడా ఆయనకే పెట్టి, మిగిలింది కాకులకి వేసిందట. నేను విన్నది విన్నట్టు చెప్పాను. "నాకెందుకు వినపడలేదు?" అని మళ్లీ మళ్లీ అడిగింది. అంతగా వినాలనుకున్న మనిషిని వదిలేసి, నమ్మని నాకు వినపడటమేంటి?

అత్తయ్యగారు దొన్నెలో ప్రసాదం తెచ్చారు. మావయ్యగారు కళ్లు తెరిచి దొన్నె అందుకున్నారు. బాగున్న ఎడంచేత్తో ముద్ద తీసి కూతురి నోటి దగ్గర పెట్టారు. కుడిచేత్తో కాదని ఆ రోజు అత్తయ్యగారు కూడా ఏమీ అనలేదు. పద్మ ఏడుస్తూనే తింది. దొన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన ఊరుకోలేదు.

తిరుగుదారిలో రావులపాలెం వంతెన మీద సూర్యుడు గోదావరిలోకి దిగుతుంటే నది అంతా రాగిరంగు అయిపోయింది. అంత అందమైన రోజు నా జీవితంలో ఇంకోటి లేదు.

ఆ తర్వాత మావయ్యగారు రెండేళ్లు బతికారు. ఒక్క మాట కూడా రాలేదు. ఆదివారం ఫోనులో నిశ్శబ్దం అలాగే ఉండేది. పద్మ "తిన్నాను నాన్నా" అనేది, కాకపోతే తిన్నాకే ఫోను ఎత్తేది.

ఎన్నో రకాలుగా ఆలోచించాను. పద్మ మొహం వాడిపోయి ఉండటం నా మనసు గమనించి, తెలిసిన గొంతులో నాకే చెప్పుకుందేమో. కావచ్చు. మరి కోటిపల్లి పూజారిగారికి ఎవరు చెప్పారు? ఒక సమాధానం దీనికి సరిపోతే దానికి సరిపోదు. కోటిపల్లి మళ్లీ వెళ్లి ఆయన్ని అడిగాను. అదే మాట చెప్పారు, అదే చెయ్యి అలాగే పొట్టకి ఆన్చి చూపించారు.

పద్మ ఇప్పటికీ అప్పుడప్పుడు, "ఎలా అన్నారో ఒకసారి చెప్పండి" అంటుంది. చెబుతాను. "అలా కాదు, ఇంకా గట్టిగా" అంటుంది. నా గొంతు అంత పైకి పోదు.

ఇప్పుడు ఏ గుడికి వెళ్లినా గోత్రనామాలు నేనే చెబుతాను. మాది భారద్వాజస, అందులో పద్మ పేరు చెబుతాను. తర్వాత కౌండిన్యస అని, వెంకట రత్న పద్మావతి అని ఇంకోసారి చెబుతాను. పూజారులు వింతగా చూస్తారు. మా ఆవిడ వాళ్ల నాన్నగారు అలాగే చెప్పించారండీ అంటాను.

ఆ గొంతు ఏ తీగ మీద వచ్చిందో నాకు తెలియదు. ఆదివారం ఎనిమిదయ్యేసరికి మాత్రం ఎక్కడున్నా లేచి వంటింట్లోకి వెళ్లి, పద్మ తిన్నదో లేదో చూస్తాను. కాస్త చూడమన్నారు కదా.